నిర్ణయం లేకుండా సాగిపోయే ఖర్చులు

నెల తిరిగేసరికి చేతిలో ఏమీ మిగలడం లేదని బాధపడే ఇళ్లలో, కారణం వెతకడం మొదలుపెట్టగానే అందరి చూపూ పెద్ద ఖర్చుల మీదికే పోతుంది. ఇంటి కిరాయి, పిల్లల ఫీజులు, బండి కిస్తీ, ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల మందులు, దగ్గరివాళ్ల పెళ్లిళ్లలో పెట్టుపోతలు. ఇవి పెద్దవే. అయితే వీటిలో ప్రతి ఒక్కటీ ఇంట్లోవాళ్లు కూర్చొని, మాట్లాడుకొని, వీలవుతుందా లేదా అని చూసుకొని ఒప్పుకున్న ఖర్చు. కిరాయి ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. నిన్న సాయంత్రం ఇల్లు చేరేలోపు ఎంత ఖర్చయిందని అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పగలిగేవాళ్లు అరుదు. హనుమకొండలోని ఒక జూనియర్ కళాశాలలో కామర్స్ బోధిస్తూ, తోటి అధ్యాపకుల ఇంటి లెక్కలను దగ్గరగా చూసే అవకాశం కలిగిన నాకు ఈ విషయంలో బలంగా అనిపించేది ఒకటే. ఒక ఖర్చును మనం నిర్ణయించుకోవడం మానేసి, అది దానంతటదే జరిగిపోవడం మొదలైన నాటి నుంచి ఇల్లు గుల్లవుతుంది. ఆ ఖర్చు పది రూపాయలదా, వంద రూపాయలదా అన్నది ఆ తర్వాతి సంగతి.

మా కళాశాలలో కొత్తగా చేరిన ఒక యువ అధ్యాపకుడు ఈ మధ్య స్టాఫ్ రూంలో తన బాధ చెప్పుకున్నాడు. "జీతం పడ్డ పదిరోజులకే అకౌంట్ల పైసలు ఉంటలేవు సార్. తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఎటు పోతున్నయో సమజైతలేదు" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. దురలవాట్లు లేని మనిషి, ఆడంబరం ఎరగని ఇల్లు. బ్యాంకుకు పోయి ఒక నెల స్టేట్‌మెంటు ముద్రించి తెచ్చుకొమ్మన్నాను. ఫోన్‌లో చూసుకుంటే సరిపోదా అని అడిగాడు. సరిపోదు. ఫోన్ తెరపై ఒకసారికి నాలుగైదు వరుసలే కనిపిస్తాయి, వేలితో పైకి తోసేస్తాం, మరిచిపోతాం. కాగితాలు బల్ల మీద పక్కపక్కన పరిస్తేనే నెల మొత్తం ఒక్కసారిగా కంటికి ఆనుతుంది.

అతను తెచ్చిన కాగితాలను ఇద్దరం ముందేసుకొని కూర్చున్నాం. యూపీఐ చెల్లింపుల స్టేట్‌మెంటు చదవడం తేలిక కాదు. ప్రతి వరుసలో యూపీఐ అన్న మాట, పన్నెండు అంకెల సంఖ్య, సగంలో తెగిపోయిన ఒక మనిషి పేరు, ఎంత పోయిందన్న అంకె. దుకాణం పేరు ఉండదు, ఏం కొన్నామో ఉండదు. నెలంతా మాటిమాటికీ కనిపించిన ఒక పేరును అతను ఎంతకూ గుర్తుపట్టలేకపోయాడు. ఫోన్‌లో యాప్ తెరిచి ఆ చెల్లింపుల వేళలు చూస్తే అన్నీ ఉదయం పదకొండు దాటిన తర్వాతవే. మా కళాశాల గేటు ఎదుటి చాయ్ బండి అన్నమాట. రోజూ పలకరించే ఆ పెద్దాయన అసలు పేరు అతనికి ఆ కాగితం చూశాకే తెలిసింది. ఇంకో పేరు పెట్రోల్ బంకు పక్కన పంక్చర్లు వేసే అతనిది, మరొకటి వాళ్ల గల్లీలోని జిరాక్స్ షాపుది. ఎవరికి, ఎందుకు అన్నది తేలిన ప్రతి వరుస పక్కన పెన్సిలుతో ఒక గుర్తు పెట్టమన్నాను. ఆ రోజు అనుకొని చేసిన ఖర్చయితే నిలువు గీత, అలవాటుగా జరిగిపోయిందయితే అడ్డగీత. మంచి ఖర్చా, చెడ్డ ఖర్చా అని అడగవద్దని మరీ మరీ చెప్పాను. ఆ ప్రశ్న వేసుకున్నవాళ్లు ప్రతి వరుసకూ ఒక సమర్థన వెతుక్కుంటారు, లెక్క ఆగిపోతుంది.

ఇక్కడ ఒక విషయం తెలిసి ఉండాలి. పిన్ అవసరం లేకుండా చిన్న మొత్తాలు చెల్లించే యూపీఐ లైట్‌ను వాడేవారికి బ్యాంకు స్టేట్‌మెంటు సగం కథే చెబుతుంది. లైట్‌లోకి ఐదు వందలో, వెయ్యో వేసుకున్నప్పుడు ఆ ఒక్క వరుసే బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ తర్వాత చేసిన చాయ్, సమోసా, ఆటో చెల్లింపులేవీ విడివిడిగా అక్కడ కనిపించవు. వాటిని యాప్‌లోనే వెతుక్కోవాలి. బ్యాంకుల మీద భారం తగ్గించడానికి చేసిన మంచి ఏర్పాటే ఇది, నేను కాదనను. కానీ ఒక్కో చెల్లింపుకు వెయ్యి రూపాయల వరకు పిన్ కూడా కొట్టనవసరం లేకపోతే, ఖర్చుకు ముందు మనిషి క్షణకాలం ఆగే చివరి గడప కూడా పోయినట్టే. ఇంటి లెక్క చూసుకోదలచినవారు కనీసం కొన్ని నెలలు దానిని పక్కన పెట్టడం మేలని నా అభిప్రాయం.

2016లో యూపీఐ రాకముందు మన దగ్గర నోటు విడదీయడం అనేది చిన్న విషయం కాదు. జేబులో ఐదు వందల నోటు ఒక్కటే ఉంటే, పది రూపాయల వస్తువు కోసం దానిని విడదీయడానికి మనసు ఒప్పేది కాదు. విడదీస్తే ఇక నిలవదని అందరికీ తెలుసు. "చిల్లర లేదు, రేపు తీసుకుంటలే" అని దుకాణం ముందు నుంచి వచ్చేసిన సందర్భాలు ఆ తరంవారందరికీ ఉంటాయి. ఆ వెనుకాడటమే నెలలో ఎంతో కొంత మిగిల్చేది. ఇప్పుడు ఖాతాలో ఉన్న మొత్తం జీతం ఎప్పుడూ విడదీసిన నోటే. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సైమెస్టర్ అనే పరిశోధకులు ఆట టికెట్లకు వేలం పెట్టి చూసినప్పుడు, నగదు కట్టాలని చెప్పినవారి కంటే కార్డుతో కట్టవచ్చని చెప్పినవారు సుమారు రెట్టింపు ధర పాడారు. అది కార్డుల సంగతే అయినా, నోట్లు లెక్కపెట్టి ఇవ్వవలసిన పని తప్పిపోతే చేయి ఎంత వదులవుతుందో అర్థం కావడానికి చాలు.

చాయ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొదుపు గురించి మాట్లాడే ప్రతివారూ మొదట దాని మీదే పడతారు. చాయ్ పది రూపాయలనుకుందాం. పనిరోజున రెండుసార్లు తాగితే ఇరవై, పాతిక పనిదినాలకు ఐదు వందలు. ఈ ఐదు వందలు మానుకొమ్మని ఎవరికీ చెప్పబుద్ధి కాదు. నయీంనగర్, అదాలత్, హనుమకొండ చౌరస్తా ప్రాంతాల్లో చాయ్ బండి దగ్గర నిలబడి మాట్లాడుకునే పది నిమిషాల్లో మనుషులు ఉద్యోగాల సంగతులు, పెళ్లి సంబంధాలు, దవాఖాన సలహాలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ సాంగత్యానికి పది రూపాయలు ఎక్కువ కాదు. అడ్డగీతలు పెట్టుకుంటూ పోయినప్పుడు తేలింది ఏమిటంటే, ఖర్చు చాయ్ దగ్గర ఆగడం లేదు. చాయ్‌తో పాటు రెండు బిస్కెట్లు, ఒక రోజు సమోసా, ఇంకో రోజు మిర్చి, ఎప్పుడైనా సిగరెట్ తాగే మిత్రుడు తోడుంటే అతని బిల్లు కూడా మన ఫోన్‌తోనే. చాయ్ రెండు పూటలా కలిపి ఐదు వందలయితే, దాని చుట్టూ చేరినవి అంతకు మించిపోయాయి. పైగా మధ్యాహ్నం నాలుగు గంటల చాయ్‌కు ఏ కారణమూ కనిపించలేదు. ఆ వేళకు తోడు ఎవరూ ఉండరు, తలనొప్పీ ఉండదు, కేవలం ఆ దారిన పోతూ బండి కనిపించిందని ఆగడమే. పదకొండు గంటల చాయ్‌కు అతను అడ్డగీత చెరిపి నిలువు గీత పెట్టుకున్నాడు. నాలుగు గంటలదానికి అడ్డగీత అలాగే ఉంచాడు. ఆ రెండు గీతలనూ అతనే గీసుకున్నాడు, నేను చెప్పలేదు. నాకు ఆ కాగితాల్లో అన్నిటికంటే నచ్చిన చోటు అదే.

కిరాణం లెక్క వేరే దారిలో నడుస్తుంది. మన వరంగల్, కరీంనగర్ వైపు ఇళ్లలో ఉద్దెర ఖాతా ఇంకా బతికే ఉంది. గల్లీ చివరి దుకాణంలో మన పేరు మీద ఒక చిన్న పుస్తకం ఉంటుంది. పిల్లవాడు పోయి ఏది అడిగినా ఇస్తారు, అందులో రాసుకుంటారు, జీతాలు పడగానే మొత్తం కట్టేస్తాం. కష్టకాలంలో ఆ పుస్తకం ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టిందో చెప్పలేం, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ నెలాఖరున మొత్తం ఎంతో చూసి కట్టేవారే తప్ప, ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకొని వరుస వరుస చదివేవారు తక్కువ. మా యువ అధ్యాపకుని భార్య ఆ పని చేసింది. నూనె, పప్పు, ఉప్పు లాంటి సరుకుల కంటే ఐదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్ల వరుసలే ఎక్కువగా కనిపించాయని చెప్పింది. చిప్స్, బిస్కెట్లు, చాక్లెట్లు, పాల ప్యాకెట్ కోసం పోయినప్పుడు పాలతో పాటు చేతికి వచ్చినవి.

ఐదు రూపాయల ప్యాకెట్‌లో ఒక మెలిక ఉంది. సరుకు ధర పెరిగినప్పుడు కంపెనీలు ఐదు రూపాయల ముద్రను కదిలించవు, లోపలి బరువు తగ్గిస్తాయి. ఎన్నేళ్లయినా అదే ఐదు రూపాయలు కాబట్టి ఖర్చు పెరిగిందని మనకు తోచదు. పిల్లవాడికి ఒకటి చాలక రెండోది అడిగినప్పుడు, పిల్లవాడి తిండి పెరిగిందనుకుంటాం. ప్యాకెట్ వెనుక గరిష్ఠ ధరతో పాటు గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎంత పడుతుందో కూడా ముద్రించాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటి మీద కళ్లద్దాలు పెట్టుకొని వెతకాలి. అయినా రెండు ప్యాకెట్లను పక్కపక్కన పెట్టి ఆ అంకెలను పోల్చి చూడటం ఇంట్లో పిల్లలకు నేర్పదగిన పని. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోవడం కూడా సరికాదు. షాంపూ తీసుకోండి, చాలా బ్రాండ్లలో రూపాయి, రెండు రూపాయల సాచెట్లే పెద్ద సీసా కంటే మిల్లీలీటరు లెక్కన చవకగా పడతాయి. కూలి డబ్బుతో ఏ రోజుకారోజు సరుకులు తెచ్చుకునే కుటుంబాలను చూసి, నెల సరుకు ఒకేసారి తెచ్చుకోరెందుకని తప్పుపట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది. ఆ ఇళ్లలో ప్రతి రూపాయీ నిర్ణయించుకున్న తర్వాతే బయటికి వస్తుంది.

అసలు మనిషి ప్రమేయమే లేని ఖర్చులు మరికొన్ని ఉన్నాయి. సినిమాల యాప్ ఒక నెల ఉచితమని చేరడం, ఫొటోల కోసం ఫోన్‌లో అదనపు స్థలం తీసుకోవడం, బాబు పరీక్షల కోసం ఒక యాప్‌కు నెలవారీ చందా కట్టడం. అవసరం తీరినా చందా ఆగదు. ఒకసారి అనుమతి ఇస్తే ఖాతా నుంచి దానంతటదే డబ్బు పోయే ఏర్పాటును ఆటోపే అంటారు. పదిహేను వేల రూపాయల లోపు ఆటోపే చెల్లింపులకు ప్రతిసారీ ఓటీపీ అడగనవసరం లేదు, అయితే డబ్బు తీసుకోవడానికి కనీసం ఇరవై నాలుగు గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ సందేశం వస్తుంది, కానీ రోజూ వచ్చే నానా రకాల ప్రకటనల మధ్య అదీ ఒక ప్రకటన అనుకొని చూడకుండా వదిలేస్తాం. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే విభాగం తెరిస్తే, మన ఖాతా మీద ఎవరెవరికి అలాంటి అనుమతి ఇచ్చి ఉన్నామో వరుసగా కనిపిస్తుంది. అక్కడే రద్దు చేసుకోవచ్చు. కార్డు మీద ఇచ్చినవి అందులో కనిపించవు, వాటిని బ్యాంకు యాప్‌లో వేరుగా చూడాలి.

అయితే ఈ ఏరివేతలో ఒక జాగ్రత్త అవసరం. ఏటా ఖాతా నుంచి తీసుకునే ఇరవై రూపాయలు, నాలుగు వందల ముప్పై ఆరు రూపాయలు చూసి, ఇవెక్కడివని ఆపించుకున్నవారున్నారు. మొదటిది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాదంలో మరణిస్తే రెండు లక్షలు. రెండోది జీవన్‌జ్యోతి బీమా, ఏ కారణంతో మరణించినా రెండు లక్షలు. బండి మీద కాజీపేట నుంచి వరంగల్‌కు రోజూ తిరిగే సంపాదనపరునికి ఏడాదికి ఇరవై రూపాయల బీమా ఆపుకోవడం పొదుపు అనిపించుకోదు. మర్చిపోయి కట్టే చిన్న మొత్తాలన్నీ నష్టమే అనుకొని కత్తిరించేవారికి ఇది చెప్పకుండా ఉండలేను.

ఏటీఎం రుసుముల గురించి రెండు మాటలు చాలు. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదు, మెట్రో నగరం కాని మన వరంగల్ లాంటి చోట ఇతర బ్యాంకుల ఏటీఎంలలో మరో ఐదు లావాదేవీలు ఉచితం. అవి దాటితే 2025 మే 1 నుంచి ఒక్కోదానికి పన్నులు కాక 23 రూపాయల వరకు తీసుకోవచ్చు. నిల్వ ఎంతుందో చూసుకోవడం కూడా లావాదేవీగానే లెక్కకు వస్తుంది.

సాయంత్రం తిండి ఖర్చు మీద మాట్లాడేటప్పుడు చాలామంది తీర్పులు ఇంట్లో ఆడవాళ్ల మీదికి పోతాయి, అది అన్యాయం. భార్యాభర్తలిద్దరూ పని చేసి ఏడు గంటలకు ఇల్లు చేరినప్పుడు, అన్నం వండుకొని కర్రీ పాయింట్ నుంచి ఒక కూర, ఒక పప్పు తెచ్చుకోవడాన్ని నేను దుబారా అనను. అది ఒక పూట ఒంటి అలసటకు కట్టిన ధర, ఇద్దరూ అనుకొని కట్టినది. కర్రీ పాయింట్‌కు పోయే ఓపిక కూడా లేక ఫోన్‌లో ఆర్డర్ పెట్టినప్పుడు కథ మారుతుంది. కూర ధర కాక ప్యాకింగ్ రుసుము, తెచ్చి ఇచ్చినందుకు రుసుము, వాన పడితే అదనం, వాటికి తోడు 2023లో ఆర్డరుకు రెండు రూపాయలతో మొదలై ఇప్పుడు పది దాటిన ప్లాట్‌ఫారమ్ రుసుము. చాలా హోటళ్లు యాప్‌లో పెట్టే ధర, హోటల్‌కు పోతే తీసుకునే ధర కంటే ఎక్కువే ఉంటుంది. ఒకసారి ఆ బిల్లును కిందికంటా చదివి, అదే తిండికి హోటల్‌లో ఎంతవుతుందో కనుక్కుంటే, ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పనవసరం లేదు.

చిన్న మొత్తాలు నిర్ణయంతో కలిస్తే ఎలా ఉంటుందో మా కళాశాలలో పనిచేసే ఆయమ్మ దగ్గర చూశాను. ఆమె హసన్‌పర్తి నుంచి రోజూ బస్సులో వస్తుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం అయినప్పటి నుంచి ఆమెకు రానుపోను చార్జీ మిగులుతోంది. అలా మిగిలినవి ఎక్కడికి పోతున్నాయని మాటల్లో అడిగాను. "పోనిస్తనా సార్? బస్సు పైసలు ఏ రోజుయి ఆ రోజే డబ్బాలేస్త, నెలకు సంఘంల కడుత" అన్నది. బస్సు చార్జీ మిగిలిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. దానిని రోజూ చేత్తో తీసి వేరే చోట పెట్టకపోతే, అది కూరగాయల్లోనో, పిల్లల ప్యాకెట్లలోనో కలిసిపోతుంది, మిగిలినట్టు తెలియనే తెలియదు. ఖర్చు తగ్గించుకున్నామనుకునే చాలామందికి నెలాఖరున ఏమీ కనిపించకపోవడానికి ఇదే కారణం. ఒక వరుస కొట్టేసినంత మాత్రాన డబ్బు మిగలదు, ఖాతాలోనే ఉండి ఇంకో వరుసగా బయటికి పోతుంది.

అందుకే మా యువ అధ్యాపకుడు అడ్డగీతల్లో తాను వదులుకోదలచిన వాటిని కూడితే వచ్చిన మొత్తంలోంచి వెయ్యి రూపాయలను జీతం పడిన రోజే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించమని సలహా ఇచ్చాను. ఐదేళ్ల ఆ ఖాతాకు వడ్డీ 6.7 శాతం. నెలకు వెయ్యి చొప్పున అరవై నెలలు కడితే అరవై వేలకు 71 వేల పైచిలుకు చేతికి వస్తుంది. అది గొప్ప రాబడి కాదని నాకు తెలుసు, షేర్ల గురించి చెప్పేవారు నవ్వుకోవచ్చు. కానీ ఆ వెయ్యి నాలుగు గంటల చాయ్‌లోకి, రాత్రి ఆర్డర్‌లోకి తిరిగి పోకుండా జీతం రోజునే గడప దాటడం, రాబడి కంటే ముందు చూడవలసిన విషయం.

ఆ కాగితాల్లో ఒక్క పెట్రోల్ వరుసలు మాత్రం ఇంకా తేలలేదు. బంకులో అతను ఎప్పుడూ "వందది పోయండి" అనే అంటాడు, లీటర్లు అడగడు. లీటరు వంద దాటిన తర్వాత వంద రూపాయలకు లీటరు కూడా రాదు, కానీ స్టేట్‌మెంటులో అంకె మారదు కాబట్టి బండి ఎంత తాగుతోందో, ఎంత దూరం అవసరానికి తిరుగుతున్నాడో తెలిసే మార్గం లేదు. ప్రస్తుతానికి పెట్రోల్ పోయించినప్పుడల్లా లీటర్లు ఎన్నో, మీటరు మీద కిలోమీటర్లు ఎన్నో ఒక చిన్న పుస్తకంలో రాస్తున్నాడు. ఒక నెల నిండాక ఆ పుస్తకాన్ని, స్టేట్‌మెంటును మళ్లీ పక్కపక్కన పెట్టుకొని చూడాలని అనుకున్నాం.